డబ్బా తెచ్చిన మనిషి

ముప్పై ఏళ్లుగా ఒక్క వాక్యం నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేదు, కక్కలేదు. దాని బరువు నేనే మోస్తున్నానని చాలాకాలం నా మీద నేనే జాలిపడ్డాను. సిగ్గులేని జాలి. మోసింది నా భార్య.

నా పేరు చెప్పను. ఆమె పేరు చెప్తాను. సత్తెవ్వ. ఏ హాజరు పుస్తకంలోనూ ఎక్కని పేరు, ఇక్కడైనా ఉండనీ.

తొంభైలలో సూరత్‌లో, సలాబత్‌పురా వెనక గల్లీలో, ఒక సేఠ్ దగ్గర నాలుగు సాంచాలు నడిపేవాణ్ని. మరమగ్గాలను మావైపు సాంచాలంటారు, అక్కడా అదే మాట. పనిలో పెట్టుకునేటప్పుడు సేఠ్ నన్ను అడిగిన మొదటి ప్రశ్న, పెళ్లయిందా అని. ఎంత ప్రేమగా అడిగాడో అనుకున్నాను. ప్రేమ కాదు, లెక్క. పెళ్లయినవాణ్ని పెట్టుకుంటే ఒక జీతానికి ఇద్దరు వస్తారు. మగవాడు సాంచాలు నడుపుతాడు. వాటికి కావలసిన బాబిన్లకు దారం చుట్టి పెట్టేది అతని పెళ్లాం. కొలువు అతనిది, పని జంటది. మా తెలుగు గల్లీలో అందరి బతుకూ అంతే కాబట్టి ఇది అన్యాయమని ఎవరికీ తోచలేదు. ఎవరికీ అంటున్నాను. ఆడవాళ్లకు తోచిందేమో, వాళ్లను అడిగినవాడెవడు?

సత్తెవ్వ కోడి కూయకముందే లేచి పొయ్యి వెలిగించి, వండి, పిల్లలను తయారుచేసి, ఇంట్లో రాట్నం మీద సగం బాబిన్లు చుట్టి, మిగతా సగం కార్ఖానాలో మిషన్ మీద చుట్టేది. దారం తెగితే చూడకుండానే ముడి వేసేది. మాట్లాడుతూనే ఉండేది, వేళ్లు వాటి పని అవి చేసుకుపోయేవి. అంత పనితనం నా చేతిలో లేదు. అయినా సాయంత్రం ఇంటికొచ్చి కాళ్లు చాపుకొని, అలసిపోయాననేది నేను.

ఆ బాబిన్ మిషన్‌ను తిప్పే బెల్టుకు, పట్టా అనేవాళ్లం, మూత ఉండేది కాదు. "సేఠ్‌కు చెప్పయ్యా, కొంగు గుంజుతున్నది" అని రెండుసార్లు అన్నది. చెప్తాలే అన్నాను. చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు? మరిచిపోయానని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. మరవలేదు. పెళ్లాం మాట పట్టుకొని సేఠ్ ముందు నిలబడటం నామోషీ అనిపించింది.

ఒక వానాకాలం పొద్దున, ఎప్పటిలాగే ఇద్దరం కలిసే పనికి వెళ్లాం. బాబిన్ల సంచి ఆమె నెత్తిన. మధ్యాహ్నం కాకముందే ఆ పట్టా ఆమె కుడిచేతి రెండు వేళ్లు తీసుకుపోయింది.

నాలుగో రోజు ఎవరో ఆఫీసరు విచారణకు వచ్చాడు. సేఠ్ మా ఇద్దరినీ పిలిపించాడు. సత్తెవ్వ కట్టుకట్టిన చేతిని ఛాతీకి ఆనించుకొని నా పక్కన నిలబడింది. ఈమె ఇక్కడ పనిచేస్తుందా అని ఆఫీసరు హిందీలో అడిగాడు. సేఠ్ నా వైపు చూశాడంతే.

"నహీ సాబ్, ఘర్‌వాలీ హై. డబ్బా దేనే ఆయీ థీ" అన్నాను. పనిచేయదు, నా ఇంటిది, అన్నం డబ్బా ఇవ్వడానికి వచ్చింది అని.

ఆఫీసరు రాసుకొని పోయాడు. బయటికొచ్చాక సత్తెవ్వ ఆగింది.

"డబ్బా ఇయ్యనీకె వచ్చిన్నా నేను?"

"గట్ల అనకుంటె నౌకరి పోతది. జర సమజ్ చేస్కో."

"నీకు నౌకరి ఉన్నది. మరి నేను చేసిందేంది?"

నేను కార్ఖానాలోకి తిరిగి నడిచాను. ఆమె మళ్లీ ఎప్పుడూ అడగలేదు.

భయంతో అన్నానని చెప్పి తప్పించుకోవచ్చు. భయం ఉన్నమాట నిజమే. కానీ ఎవరూ నేర్పకుండా ఆ అబద్ధం అంత సులువుగా నా నోటికి ఎక్కడినుంచి వచ్చింది? ఆలోచించగా ఆలోచించగా తెలిసిందేమిటంటే, అప్పుడది నాకు అబద్ధంలాగే అనిపించలేదు. రేషన్ కార్డుకు రాయించినప్పుడూ, ఊళ్లో చుట్టాలు అడిగినప్పుడూ, నా ఇంటిది ఏమీ చేయదనే చెప్పేవాణ్ని. సేఠ్ ఆమె కష్టాన్ని దోచుకున్నాడు. తాళం చెవి ఇచ్చింది నేను.

ఆమె వేళ్లు పోయిన మర్నాటి నుంచే నా సాంచాలు బాబిన్లు లేక ఆగిపోయాయి. వారం తిరక్కుండా సేఠ్ ఒక మగమనిషిని పెట్టాడు, ఆ ఒక్క పనికి, జీతమిచ్చి, పేరు పుస్తకంలోకి ఎక్కించి. పట్టాకు మూత కూడా వేయించాడు. మగవాడి చెయ్యి కదా. నేను అదంతా చూస్తూ సాంచాలు నడిపాను. ఏడాదిలో నన్ను సాంచాలన్నిటి మీదా మాస్టర్ని చేశాడు. అదృష్టవంతుడివన్నారు గల్లీలో.

పిల్లలు ఆ అబద్ధంతోనే పెరిగారు. అమ్మకు ఆత్రం ఎక్కువ, డబ్బా తెచ్చి మిషన్లో చెయ్యి పెట్టిందని నవ్వేవాళ్లు. సత్తెవ్వ కూడా నవ్వేది. ఆ నవ్వు విన్నప్పుడల్లా నేను తేలు కుట్టిన దొంగలా కూర్చునేవాణ్ని.

పోయిన నెల మనవరాలు బడి ఫారం నింపుతూ, అమ్మ ఏం చేస్తుందని రాయాలి అని అడిగింది. "ఏం చెయ్యది, ఇంట్ల ఖాళీగ ఉంటది" అన్నాడు నా కొడుకు. కోడలు అక్కడే నేలమీద కూర్చుని కూలికి చీరకు రాళ్లు అంటిస్తోంది, పొద్దుటి నుంచి అది ఏడో చీర. తల ఎత్తలేదు. సత్తెవ్వ మాత్రం నన్ను చూసింది. ఆ రోజు కార్ఖానా బయట చూసినట్టే చూసింది. ఇంత అన్నం కలిపి నోట్లో పెట్టుకున్నాను. పలకలేదు. అప్పుడొక్కసారి కాదు, రెండుసార్లు అబద్ధమాడినవాణ్ని నేను.

అందుకే రాస్తున్నాను. క్షమించమని ఎవరినీ అడగను. క్షమించాల్సిన మనిషికి ముందు నిజం దక్కాలి కదా. ఇది రాస్తుంటే గొంతు కాస్త తెరుచుకుంది. చూశారా, ఆ హాయి కూడా ముందు నాకే దక్కింది.

ఆ రోజు సత్తెవ్వ పనికి వచ్చింది. అన్నం డబ్బా పట్టుకొచ్చింది నేను.