బాదం ఆకు మీద ఎడమచెయ్యి

శంషాబాద్ బస్టాపులో నా పక్కన కూర్చున్న అమ్మాయి, రాలిన పచ్చి బాదం ఆకు తీసుకుని, గాజుకు తగిలించుకున్న పిన్నీసుతో దాని మీద గీకుతోంది. కుడిచెయ్యి ఒళ్లో కదలకుండా పడి ఉంది. ఎడమచెయ్యి వణుకుతోంది. గీసిన గీత కాసేపటికి గోధుమరంగులో తేలుతోంది.

ఊరుకోవడం నాకు చేతకాదు. "రేపటికి వాడిపోయేదాని మీద ఎందుకమ్మా? కాగితాలకు కరువొచ్చిందా?" అన్నాను.

"పెండ్లిళ్లల్ల మెహందీ పెట్టేదాన్నక్కా. పక్షవాతమొచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ఎడమచేత్తోని పెడతనంటే ఎవ్వరు చెయ్యి ఇస్తలేరు. ఆకైతే వద్దనదు. ఖరాబైతే మేకకేస్త."

"ఇంతకీ ఏం బొమ్మ?"

"నాకేమెరుక? ఈనెలు ఎటు తీస్కపోతే అటే."

ఈనెల వెంట పోయి పోయి నెమలి మెడ తేలింది. తోక మాత్రం నడి ఈనె దాటలేదు. అక్కడికి రాగానే పిన్నీసు జారిపోయేది. ఆమె పళ్లు బిగించి మళ్లీ మొదలుపెట్టేది.

బస్సొచ్చింది. ఆలస్యమైనందుకు కండక్టరును కడిగేద్దామని అప్పటిదాకా మాటలు కూడబెట్టుకుంటున్న నేను, లేవలేదు.

"పో అక్కా, బస్సు పోతది."

"పోనీ. నువ్వు ముందు ఆ ఈనె దాటించు."