ఏడో తూటా

ఆ పెన్సిల్వేనియా కొండల్లో వేటకి వెళ్లని మగాడంటే అందరికీ లోకువే. ఎల్వుడ్ క్లింగర్ అలాంటివాడు. జింకల వేట మొదలయ్యే రోజు అక్కడ బడికి కూడా సెలవు. ఊళ్లో మగాళ్లంతా తెల్లారకముందే అడవి బాట పడతారు. ఎల్వుడ్ మాత్రం ఫైర్ స్టేషన్ హాల్లో ఆడవాళ్లతో కలిసి అట్లు పోస్తాడు. "పోనీలెండి, అట్టు తిరగెయ్యడంలో గురి బాగానే ఉంది" అని వాళ్లు ఎకసెక్కాలాడితే నవ్వి ఊరుకుంటాడు. అరవై ఏడేళ్ల మనిషి. పన్నెండో ఏట తుపాకి కింద పెట్టాక మళ్లీ పేల్చిన పాపాన పోలేదు. చిత్రమేమిటంటే, ఊళ్లో తుప్పుపట్టిన ప్రతి తుపాకీ బాగుకోసం అతని నేలమాళిగకే వస్తుంది.

ఆ అక్టోబరులో తమ్ముడు గ్లెన్ కుంటుకుంటూ మెట్లు దిగి వచ్చి, దుప్పట్లో చుట్టిన పొడుగాటి మూట బల్ల మీద పెట్టాడు. విప్పగానే ఎల్వుడ్ గుర్తుపట్టాడు. నాన్న ఉడతల్ని వేటాడే తుపాకి. ఇరవై రెండు బోరుది. గ్లెన్ మోకాలిని తినేసింది ఇదే.

"దీన్నెందుకు తెచ్చావురా?"

"గరాజులో ఎలకల పాలవుతోంది. వేట గుడిసెలో గోడకి తగిలిద్దాం. కాస్త బాగుచెయ్యి" అన్నాడు గ్లెన్, మొహం చూడకుండా.

యాభై అయిదేళ్ల కిందటి మాట. వేట నుంచి వచ్చిన ఎల్వుడ్ వరండాలో తుపాకి కింద ఉండే తూటాల గొట్టం వంపి తూటాలన్నీ తీసేశాడు. గొట్టంలోంచి తూటాని పైకి తెచ్చే బోల్టు మూడుసార్లు ఆడించి చూశాడు. ఏమీ లేదు. లోపలికి వస్తుంటే తుపాకి గుమ్మానికి తగిలింది. ఖాళీ తుపాకిని గోడకి తగిలించేముందు బోల్టు ఒకసారి వేసి, మీట నొక్కి, స్ప్రింగుకి విశ్రాంతి ఇవ్వడం ఆ ఇంటి అలవాటు. తలుపు వైపు తిప్పి నొక్కాడు. సరిగ్గా అప్పుడే తొమ్మిదేళ్ల గ్లెన్ తలుపు తోసుకుని వచ్చాడు. "సున్నా కూడా లెక్కపెట్టడం రాదట్రా నీకు!" అని నాన్న అరిచిన అరుపు ఎల్వుడ్ చెవుల్లోంచి ఈనాటికీ పోలేదు. పెద్దయ్యాక వేట గుడిసెలో తన వాటా తమ్ముడికి రాసిచ్చాడు. ఏటా చలికాలానికి ముందు తమ్ముడి ఇంటికి కట్టెలు కొట్టి పేర్చి వస్తాడు.

పని మొదలుపెట్టాడు. కిరసనాయిలు పూసి, సన్న ఉక్కుపీచుతో తుప్పు రుద్దాడు. ఎండిపోయిన చెక్కకి అవిసె నూనె పట్టించాడు. నాలుగో రోజుకి ఇనుము నల్లగా తేరుకుంది. ఇక తూటాల గొట్టం పరీక్షించాలి. ఏడు ఉత్తుత్తి తూటాలు వేసి వంపాడు.

ఆరు పడ్డాయి.

మళ్లీ వేశాడు. మళ్లీ ఆరే. బోల్టు మూడుసార్లు ఆడించాడు, ఏమీ రాలేదు. తుపాకిని బల్లకేసి మెల్లగా తట్టి బోల్టు లాగితే, ఏడోది టక్కుమని బయటపడింది.

ఎల్వుడ్ స్టూలు మీద కూలబడ్డాడు. దీపం పెట్టి చూస్తే గొట్టానికి చిన్న సొట్ట. ఆ సొట్టకి రెండు పక్కలా ఇనుము బిగించి పట్టే వైసు పళ్ల గాట్లు, మధ్యలో ఒక పన్ను విరిగిన జాగా. ఆ విరిగిన పన్ను వైసు నాన్నది. ఇప్పుడది ఎల్వుడ్ బల్లకే బిగించి ఉంది. గొట్టాన్ని అందులో పెట్టి చూశాడు. గాటుకి గాటు అతికినట్టు సరిపోయింది.

సాయంత్రం గ్లెన్ వచ్చాడు. ఎల్వుడ్ గొట్టం చేతికిచ్చాడు.

"నీకిస్తే ఒక్క వారంలో కనిపెడతావని తెలుసు. అందుకే పదకొండేళ్లు దాచాను" అన్నాడు గ్లెన్.

"అంటే?"

"నాన్న పోయేముందు చెప్పాడు. నాకు తూటా తగలడానికి ముందురోజు ట్రక్కు తలుపు పడి గొట్టం నొక్కుకుపోయిందట. తనే వైసులో పెట్టి సరిచేశాడట. తూటా ఇరుక్కుంటోందని తెలిసీ, తర్వాత చూద్దాంలే అని ఊరుకున్నాడట. నీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు."

"నాన్న సరే. పదకొండేళ్లూ నేను కట్టెలు కొడుతుంటే నీకు నోరెందుకు రాలేదురా?"

"కట్టెలు కొడుతున్నావు కదా, అందుకే రాలేదు" అన్నాడు గ్లెన్ తల దించుకుని. "సిగ్గుమాలినవాణ్ణి. తిట్టు, పడతాను."

ఎల్వుడ్‌కి కొట్టాలనిపించింది. జీవితంలో మొదటిసారి, ఆ కుంటి తమ్ముణ్ణి చాచి కొట్టాలనిపించింది. కానీ ఇంకో ప్రశ్న అడ్డం వచ్చింది.

"అమ్మకి తెలుసా?"

గ్లెన్ గొట్టాన్ని బల్ల మీద పెట్టాడు. "నాకు తూటా తగిలిన వారమే అమ్మకి చెప్పేశాడట" అన్నాడు.

ఇరవై ఏళ్ల కిందట ఆస్పత్రిలో, చివరి రోజున, ఎల్వుడ్ అమ్మ మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని తప్పు మన్నించమని ఏడ్చాడు. ఆవిడ అతని తల నిమిరి, "ఎప్పుడో క్షమించాను నాయనా" అంది. ఎల్వుడ్ ఆ చెయ్యి ముద్దుపెట్టుకుని, నీ రుణం తీర్చుకోలేనమ్మా అని చెప్పి వచ్చాడు.