తాళం వేయించింది నేనే

మెహరున్నీసా టీచర్ గారు ఇక లేరని ఆదివారం ఉదయం షాపు తెరుస్తుండగా తెలిసింది. గుండెపోటట. ముందురోజు సాయంత్రం కూడా వీధిలో పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకుని లెక్కలు చేయించారట. షట్టరు సగంలో వదిలేసి మెట్టు మీద కూర్చుండిపోయాను. తెనాలిలో మా మునిసిపల్ స్కూల్లో ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు లెక్కలు చెప్పి, అక్కడే ప్రధానోపాధ్యాయురాలై, చివరి సంవత్సరాలు రేపల్లెలో పనిచేసి ఆమె రిటైరయ్యారు.

ఖబరస్తాన్ బయట, ఒకప్పటి మా తల్లిదండ్రుల కమిటీ సభ్యుడొకాయన నా పక్కన నిలబడి, "మంచావిడేనండి పాపం. అప్పట్లో ఆ పిల్ల తప్పిపోకుండా ఉంటే ఇక్కడే రిటైరయ్యేది" అన్నాడు. నేను తలూపాను. ఇంటికి వచ్చాక అలా తలూపినందుకు అన్నం సహించలేదు. ఆ పిల్ల మా అమ్మాయి. అందుకే ఇది రాస్తున్నాను.

గంట కొట్టి పెద్ద గేటు మూసేశాక కూడా టీచర్ గారు పక్క గేటు తీయించి ఉంచేవారు. అక్కడొక బల్ల, కుండలో నీళ్లు. ఆలస్యంగా వచ్చినవాళ్లు ముందు మంచినీళ్లు తాగాలి, తరువాత క్లాసుకు పోవాలి. ఎందుకు ఆలస్యమైందన్న ప్రశ్న మధ్యాహ్న భోజనాల వేళకు గానీ వచ్చేది కాదు. అదీ పక్కన కూర్చోబెట్టుకుని. ఎవరి తల్లి మంచాన పడిందో, ఎవరు చంటి తమ్ముణ్ణి నిద్రపుచ్చి వస్తున్నారో, ఎవరు పొద్దున ఏమీ తినలేదో ఆమెకు అలా తెలిసేది. మర్నాటి నుంచి ఆమె టిఫిన్ డబ్బాలో వాళ్లకూ వాటా ఉండేది.

కొలకలూరు నుంచి ఊళ్లోకి మారిన ఒక తండ్రి ప్రైవేటు స్కూలా, ఇదా అని తేల్చుకోలేక, "కెమెరాలున్నాయా మేడమ్?" అని అడుగుతుంటే విన్నాను. "లేవండి, నేనున్నాను. కెమెరా కంటే కాస్త లావుగా ఉంటాను, అంతే తేడా" అన్నారు. ఆయన నవ్వి, కూతుర్ని చేర్పించి వెళ్లాడు.

నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ ఏడు మా అమ్మాయి ఏడో తరగతి. ఫోన్లో రోజుకో భయంకరమైన వార్త. తెరిచి ఉన్న గేటు కనిపిస్తే ఆగి, లోపలికి ఎవరు వెళ్తున్నారా అని చూసేవాణ్ణి. కమిటీ సమావేశంలో అందరికంటే గట్టిగా మాట్లాడింది నేనే. గంట కొట్టాక ఎవరొచ్చినా తీయకూడదన్నాను. నాది హార్డ్‌వేర్ షాపు. తాళం కూడా నేనే తెచ్చాను.

టీచర్ గారు గొంతు పెంచలేదు. "బయటివాళ్లు రాకూడదనేది సరేనండి. కానీ ఆలస్యమైన పిల్ల, గేటు మూసేసి ఉంటే ఇంటికి వెళ్లదు. ఎటెళ్తుందో మనకు తెలియదు. అక్కడ నేను నిలబడతాను, గేటు ఉండనివ్వండి" అన్నారు. సభ్యులంతా నా వైపే ఉన్నారు. పక్క గేటుకు తాళం పడింది.

కొన్నాళ్లకు ఒక ఉదయం మా అమ్మాయి స్కూలుకు వెళ్తూ నాకు టిఫిన్ ఇవ్వడానికి షాపుకు వచ్చింది. కాసేపు చూస్తూ ఉండమ్మా అని నేను టీకి వెళ్లి మాటల్లో పడ్డాను. అది పరుగెత్తుకుని వెళ్లేసరికి గంట కొట్టేశారు. వాచ్‌మన్ తీయలేదు. "తియ్యొద్దన్నది మీ నాన్నే కదమ్మా" అన్నాడట. లోపలికి వీల్లేదు. నా దగ్గరకు వస్తే తిడతానని భయం. బాపట్లలో వాళ్ల పిన్ని ఉంది. స్టేషన్‌కు వెళ్లి రైలెక్కేసింది.

హాజరు పిలుస్తూ ఆ పేరు దగ్గర టీచర్ గారు ఆగారు. వాచ్‌మన్‌ని అడిగారు, పక్కన కూర్చునే పిల్లని అడిగి బాపట్ల పిన్ని సంగతి తెలుసుకున్నారు, నాకు ఫోన్ చేశారు. పిన్ని ఇంటికి చేరలేదని తెలిసి నేను బస్టాండు చుట్టూ వెతుకుతుంటే, ఆమె తరువాతి రైలెక్కారు. బాపట్ల ప్లాట్‌ఫారం మీద, పిన్ని ఇల్లు ఎటో తెలియక ఏడుస్తూ కూర్చున్న పిల్లను ఎందుకొచ్చావని అడగలేదట. ఇడ్లీ తినిపిస్తూ, "చట్నీ మన తెనాలిలోనే బాగుంటుంది కదే" అన్నారట.

పాప దొరికిందని ఫోన్ చేసి వాళ్లిద్దరూ తిరిగి వచ్చేసరికి నేను నలుగురు తల్లిదండ్రులను వెంటేసుకుని తెనాలి స్టేషన్లో ఉన్నాను. "పిల్లల్ని చూసుకోలేనివాళ్లకు స్కూలెందుకండీ?" అని అందరి ముందూ అరిచాను. ఆమె పాప చేతిని నా చేతిలో పెట్టి, "బాగా అలిసిపోయింది, పడుకోనివ్వండి" అని వెళ్లిపోయారు.

ఇంట్లో అమ్మాయి జరిగిందంతా చెప్పింది. మర్నాడు టీచర్ గారింటికి వెళ్లి, కమిటీలో నిజం చెప్పేస్తానన్నాను. "పాప పేరు నలుగురి నోళ్లలో పడకుండా చెప్పగలిగితే చెప్పండి. ఆడపిల్ల ఒంటరిగా రైలెక్కిందంటే ఊరు ఏదేదో కలుపుతుంది" అన్నారు. ఆ మాట చాటున నేను దాక్కున్నాను. తాళం నేను వేయించానని చెప్పడానికి పాప పేరు అక్కర్లేదు. అది నాకు అప్పుడే తెలుసు. స్కూలు నుంచి పిల్ల తప్పిపోయిందని ఫిర్యాదులు పైకి వెళ్లాయి. ఆమెను రేపల్లె పంపారు. తరువాత ఆలస్యంగా వచ్చే పిల్లల్లో కొందరు బడే మానేశారు. వాళ్ల పేర్లు ఆమెకే గుర్తుండేవి.

రేపల్లె రైలుకు వెళ్తూ ఎప్పుడైనా ఎదురుపడితే, "పాప ఎలా చదువుతోందండి?" అని మాత్రం అడిగేవారు. అందులో దెప్పు ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. లేదు.

అమ్మాయి ఇప్పుడు గుంటూరులో ల్యాబ్ టెక్నీషియన్. ఈ సంగతి రాయనా అని ఫోన్లో అడిగాను. "నా గురించి కూడా రాయి నాన్నా. నువ్వు రాయకపోతే నేను రాస్తాను" అంది.

పిల్లల్ని ఏ బడిలో వేయాలని నన్ను ఇప్పటికీ అడిగేవాళ్లున్నారు. గోడ ఎంత ఎత్తుందో చూసుకోండి, తప్పులేదు. మీ పిల్ల రాని రోజున మొదటి పీరియడ్ అయ్యేలోగా ఆ సంగతి ఎవరు పట్టించుకుంటారో కూడా అడగండి. మా ఊళ్లో అలా పట్టించుకున్న మనిషిని మేమే పంపించేశాం. అలాంటి మనిషి మళ్లీ రాలేదు.

మెహరున్నీసా టీచర్ గారు ఏ పిల్లనూ పోగొట్టలేదు. నేను పోగొట్టుకోబోయిన పిల్లను వెతికి తెచ్చిచ్చారు. ఆమె చదవగలిగిన రోజుల్లో రాసి ఉంటే ఇది క్షమాపణ అయ్యేది.