మోచేతి మావయ్య

ఆదివారం పొద్దున కాఫీ గ్లాసు ఇంకా చేతిలో ఉండగానే కింది ఇంటివాళ్లు పిలిచారు, మాధవరం నుంచి ఫోను అని. మా పక్కవాటా మావయ్య పోయాడు. ఆయన కూతురు ఏడవకుండానే చెప్పింది. "ఇప్పుడేన్నా. కాఫీ ఇద్దామని లేపితే లేయలా." చొక్కా గుండీలు పెట్టుకుంటూనే మెట్లు దిగి ఆటో ఎక్కాను.

పక్కవాటా అంటున్నాను గాని మేమిద్దరం ఆ ఇళ్లు వదిలి చాలా ఏళ్లయింది. ఆయన నాకు మేనమామా కాదు, పిల్లనిచ్చిన మామా కాదు. తాతల నాటి నుంచీ ఉత్తర మద్రాసులో పాతుకుపోయిన తెలుగువాడు. నేనేమో ఫిడేలు పెట్టె పట్టుకుని సినిమా రికార్డింగుల కోసం తెనాలి నుంచి దిగినవాణ్ణి. కోడంబాక్కం స్టేషను వెనక ఆరు వాటాల ఇంట్లో, ఒకే పంపు దగ్గర నీళ్లు పట్టుకోవడంతో మొదలైన చుట్టరికం మాది. నేను మావయ్యగారూ అంటే, ఆ గారు ఎందుకప్పా బరువు అని తీసేయించేవాడు. నన్ను ఫిడేలు సామీ అనేవాడు. ఈ రోజుకీ ఈ కుడిచేత్తో కమాను పట్టి ఇంటిల్లిపాదికీ అన్నం పెడుతున్నానంటే అది ఆయన చలవ. పోయినవాళ్లను పొగడాలని అంటున్న మాట కాదు. జరిగిందే చెబుతాను.

డెబ్బైల మొదట్లో ఒక సాయంత్రం ఎలక్ట్రిక్ రైలు పూర్తిగా ఆగకముందే దిగబోయి ప్లాట్‌ఫారం మీద పడ్డాను. పడేటప్పుడు ఎవరైనా చేతులు ముందుకు ఆనిస్తారు. నేను ఫిడేలు పెట్టెను రెండు చేతులతో గుండెకు కరుచుకున్నాను. ఫిడేలు మీద గీత కూడా పడలేదు. కుడి మోచెయ్యి విరిగింది. ఆర్కెస్ట్రాలో ఈ సంగతి విని ఒక్కరూ నవ్వలేదు. వాళ్లయినా అదే చేసి ఉండేవాళ్లు.

ఆసుపత్రిలో ఎముక సరిచేసి పిండికట్టు వేశారు. ఆరు వారాల తర్వాత కట్టు విప్పితే చెయ్యి మడిచిన మడత మీదే నిలిచిపోయింది. ముద్ద నోటికి వస్తుంది, కంచం అవతలున్న గ్లాసు అందదు. కమాను సగం దాకా లాగగలను, ఆ పైన మోచెయ్యి తెరుచుకోదు. సగం కమానుతో వాయించేవాణ్ణి ఎవరు పిలుస్తారు? నా కుర్చీని మూడు నెలలకు మించి ఖాళీగా ఉంచలేమని ఆర్కెస్ట్రా మేనేజరు మర్యాదగానే చెప్పి పంపాడు.

సలహాలకు మాత్రం కొదవ లేదు. మా అమ్మ పూటపూటా వేడి నువ్వులనూనె పట్టించి పిసికేది. సినిమాల్లో ఫైట్లు చేసే ఒకతను, నిండు బకెట్ చేత్తో పట్టుకుని నిలబడు, బరువుకి అదే సాగుతుంది అన్నాడు. నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. ఆ రోజుల్లో అదంతా నా చేతి మీదే. పంతం పట్టి వారం రోజులు పంపు దగ్గర బకెట్‌తో నిలబడ్డాను. చెయ్యి సాగలేదు సరికదా, మోచెయ్యి వాచి వంకాయలా నిగనిగలాడింది.

అప్పుడు పక్కవాటాలోంచి ఆయన వచ్చాడు. అంతకుముందు మా మధ్య నీళ్లొచ్చాయా, రాలేదా అన్నంత పరిచయమే. బకెట్ నా చేతిలోంచి తీసుకుని కింద పెట్టాడు.

"సాగదీస్తా ఉండావా సామీ, తెంచతా ఉండావా?"

ఆయన వైద్యుడు కాడు. స్టూడియోలో ఆర్టు డిపార్టుమెంటులో మోల్డింగు పని ఆయనది. సెట్టుకు కావలసిన స్తంభాలు, సింహాలు, దేవుళ్ల విగ్రహాలు ప్లాస్టరుతో పోసేవాడు. తనకు వైద్యం రాదని తనే ముందు చెప్పాడు. ముందు ఆసుపత్రికి పోయి ఎముక అతికిందో లేదో అడగాలన్నాడు, అడిగేదాకా వదలకుండా వెంట వచ్చాడు. డాక్టరమ్మ చూసి, ఎముక బాగా అతికింది, ఎవరిచేతా పిసికించొద్దు, గుంజించొద్దు, నువ్వే కొంచెం కొంచెంగా రోజుకు చాలాసార్లు ఆడించు అంది. బయట నలభై మంది కాచుకుని ఉన్నారు, అంతకంటే విడమరిచి చెప్పే తీరిక ఆవిడకెక్కడిది? కదలని చేతిని ఎలా ఆడించనని నేను దారి పొడుగునా గొణుగుతూనే ఉన్నాను.

మర్నాడు ఆయన మాంసం కొట్టు నుంచి కాగితంలో చుట్టి ఒక కోడికాలు తెచ్చాడు. మేం చూస్తే ఉల్లిపాయ కూడా ఆలోచించి తినే ఇల్లు. అమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఆయన నొచ్చుకోలేదు. పంపు అవతల రాయి మీద కూర్చుని, గడప లోపలున్న అమ్మకూ కనబడేలా కాలు పైకి పట్టుకుని చూపించాడు. వెనక వైపు తెల్లటి నరం లాగితే వేళ్లు ముడుచుకున్నాయి. దాన్ని వదిలి ముందు వైపుది లాగితే తెరుచుకున్నాయి.

"చూసినావా. నరం అవతల ఉండేది కండ. దానికి లాగడం ఒక్కటి దాన్ తెలుసు, తొయ్యడం తెలవదు. అందుకే జతగా పెట్టినాడు దేవుడు. ఒకటి లాగితే ఇంకోటి వదలాల."

అమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునే, మరి నూనె మాటేమిటని అడిగింది. కీలుకు నూనె పైనుంచి దిగదమ్మా, లోపలే ఊరాల, ఆడిస్తే ఊరతాది, కట్టేస్తే ఎండతాది అన్నాడు. ఆ రోజు నుంచి అమ్మ పిసకడం మానేసింది. కోడికాలు తాకిన చేతులు కడుక్కొచ్చాక కాఫీ కూడా ఇచ్చింది.

ఈ విద్య ఆయనకు ఒక రాక్షసుడు నేర్పాడు. ఏదో పౌరాణికం కోసం రెండు నిలువుల రాక్షసుణ్ణి చేశారట. గద పట్టుకున్న చెయ్యి లేవాలి, మళ్లీ దిగి కొట్టాలి. ఆయన చెయ్యి లేపడానికి ఒక తాడు కట్టి, దిగడం దాని బరువుకి అదే దిగుతుందిలే అనుకున్నాడు. షాటులో చెయ్యి దివ్యంగా లేచి, తల దాటి వెనక్కి వాలి, అక్కడే ఉండిపోయింది. వెదురుతో పొడిస్తే ఒక్కసారిగా ముందుకు పడి మణికట్టు దాకా ముక్కలైంది. ఆ రోజు షూటింగు పోయింది, ఆయనకు తిట్లు మిగిలాయి. ఇంటికి పోతూ మాంసం కొట్టు దగ్గర ఆగి, దేవుడు ఈ పని ఎట్లా చేసినాడో చూద్దామని కోడికాలు కొన్నాడు. మర్నాడు చేతికి ఇవతలొకటి అవతలొకటి రెండు తాళ్లు కట్టాడు. లాగే తాడు దగ్గర ఎవరినైనా పెట్టొచ్చు గాని, వదిలే తాడు దగ్గర తన మనుషుల్లోకెల్లా నిదానస్తుణ్ణి పెట్టాడట. వదిలేవాడు తొందరపడితే చెయ్యి విరుగుతుంది, బిగబడితే చెయ్యి కదలదు.

అది చెప్పి నా ఎడమ చెయ్యి తీసుకుని నా కుడి దండచేతి మీద పెట్టించాడు. ఇప్పుడు చెయ్యి చాపు అన్నాడు. చాపబోయాను. మోచెయ్యి అంగుళం కూడా కదల్లేదు, నా వేళ్ల కింద ముందు వైపు కండ మాత్రం రాయిలా బిగిసింది. చాపేటప్పుడు మెత్తబడాల్సిన కండ అది. చెయ్యి తెరవాలని నేను ఎంత గింజుకుంటే, నొప్పి పుడుతుందనే భయానికి అది అంత గట్టిగా మూసి పట్టుకుంటోంది.

"కీలు కొంచెం మొండికేసింది, నిజమే. జాస్తి మాత్రం నీ భయం. నిన్ను నువ్వే పట్టుకోని ఉండావు సామీ."

ఇన్నాళ్లూ నా చేతిని శత్రువులా చూశాను. అది నన్ను కాపాడుతున్నాననుకుంటోందని ఎవరూ చెప్పలేదు. సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది.

ఆ తర్వాత ఆయన చేయించింది వ్యాయామం అని నేననుకోలేదు. స్టూడియో నుంచి పనికిరాని ప్లాస్టరు స్తంభం ముక్క ఒకటి తెచ్చి వరండాలో పడుకోబెట్టాడు. నా చేతిలో ఉప్పుకాగితం పెట్టి నున్నగా రుద్దమన్నాడు. ఆయన మనుషులు ప్లాస్టరు రుద్దే పద్ధతి వేరు. భుజం నుంచి వేలి కొన దాకా అంతా కలిసి సాగాలి, గుద్దినట్టు రుద్దితే గాట్లు పడతాయి. మోచేతి మాట ఎత్తొద్దు, గాటు పడకుండా చూసుకో అన్నాడు. పొద్దున గంట, సాయంత్రం గంట. సుమ్మా రుద్దు, లెక్కపెట్టొద్దు అనేవాడు. సుమ్మా అంటే ఊరికే. ఆ మాట మీద నాకు భలే కోపమొచ్చేది. మూడు నెలల గడువు తరుముకొస్తుంటే ఊరికే ఎలా రుద్దను?

నెల గడిచాక ఒక రోజు వరండా తుడవడానికి అమ్మ స్తంభాన్ని జరిపింది. కింద గచ్చు మీద తెల్లటి గీతలు, ఒకదాని వెనక ఒకటి, వేలెడు వేలెడు ఎడంగా. ఆయన రోజూ పనికి పోయేముందు స్తంభాన్ని కాస్త అవతలికి జరిపి పోతున్నాడు. నేను కూర్చునే చోటు మారలేదు. నా చెయ్యే దాని వెంట పోయింది. అడిగితే, చెప్పుంటే నీ కండకు తెలిసిపోయేది కదప్పా అన్నాడు. నేను నవ్వాను. విరిగిన తర్వాత నవ్వడం అదే మొదలు.

గడువు ఇంకా వారం ఉందనగా పిలుపు వచ్చింది. చివరి వరసలో కూర్చోబెట్టారు. మొదటి టేకు మొదలవగానే భయంతో దండ బిగుసుకుంది. కళ్లు మూసుకుని ఉప్పుకాగితం పట్టుకున్నాననుకున్నాను. చేతి వెనకనున్న కండ లాగింది, ముందుది కొద్దికొద్దిగా వదిలింది, కమాను నిదానంగా దిగింది. ఇంటికొచ్చేసరికి ఆయన మా గుమ్మం ముందు కూర్చుని ఉన్నాడు. పాట ఎవరిది, ఎంతిచ్చారు, ఏమీ అడగలేదు.

"మొన దాకా పోయినాదా?"

పోయిందన్నాను. సరే అని లేచి తన వాటాలోకి వెళ్లిపోయాడు. మోచెయ్యి ఇప్పటికీ పూర్తిగా నిటారుగా రాదు, పిసరంత వంకర మిగిలింది. కమానుకు అది అడ్డం కాదు.

రెండేళ్ల కిందట ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి ముడుచుకుని గుండె మీదికి వచ్చేసింది. కూతురు మాధవరం పాలకాలనీలో తన ఇంటికి తీసుకుపోయింది. కండా బాగానే ఉంది, కీలూ బాగానే ఉంది, వదలమనే మాట తల నుంచి చేతికి అందడం లేదని డాక్టరు చెప్పాడట. రికార్డింగు లేని ఆదివారమల్లా బస్సెక్కి పోయేవాణ్ణి. మోచేతి కింద నా అరచెయ్యి పెట్టి, గుంజకుండా, ఊపిరి వదిలినంత నిదానంగా తెరిచేవాణ్ణి. కొంత వచ్చేది. నేను సంతోషపడేలోపే కండ మళ్లీ వెనక్కి లాక్కునేది. ఆ లాగుడంటే నాకు పరమ అసహ్యంగా ఉండేది. ఆయనకు మాట ముద్దగా వచ్చేది గాని వేళాకోళం పోలేదు. వదిలే తాడుకాడోడు లీవు పెట్టినాడు సామీ అనేవాడు. నేను స్తంభాలూ ఉప్పుకాగితాలూ తెచ్చినా లాభం లేకపోయింది. నాకు ఆయన ఇచ్చింది ఆయనకు నేను ఇవ్వలేకపోయాను. ఈ మాట ఎవరితోనూ అనలేదు, ఇప్పుడు అంటున్నాను. ఒక్కసారి ఆ చెయ్యి చాచి ఉండగా చూడాలని రెండేళ్లు కోరుకున్నాను.

ఆదివారం నేను వెళ్లేసరికి ఆయన్ని ఇంకా మంచం మీది నుంచి దించలేదు. కూతురు దుప్పటి తీసి చూపించింది.

"చెయ్యి చాపినాడన్నా."

కుడిచెయ్యి పక్కన నిటారుగా పడి ఉంది. అరచెయ్యి తెరుచుకుని ఉంది. పక్కన కూర్చుని, ఎప్పటిలాగే మోచేతి కింద నా చెయ్యి పెట్టాను. నేను ఎలా మడిస్తే అలా మడిచింది, ఎలా చాపితే అలా చాపింది. మళ్లీ మడిచి, ఆయన గుండె మీద పెట్టి, మెల్లగా తెరవబోతూ ఆగాను. చాలాసేపు అలాగే కూర్చున్నాను, అది ఒక్కసారి వెనక్కి లాక్కుంటుందేమోనని.