అక్క బాగున్న రోజులు

ఆ మధ్యాహ్నం అన్నం తింటూ తింటూ అక్క, "నాకు కూర వెయ్యలేదేంటే?" అంది. కంచంలో ఎడమవైపు వంకాయ కూర వేసింది వేసినట్టే ఉంది. కుడివైపు అన్నమంతా తినేసింది. కూర కుడివైపుకి వచ్చేలా కంచం తిప్పాను. "ఆఁ, ఇప్పుడు వేశావా," అని మళ్ళీ తినడం మొదలుపెట్టింది.

అక్క మొగల్తూరులో ఒకటో తరగతి పిల్లలకి పాఠాలు చెప్పేది. నాలుగేళ్ళ క్రితం రొమ్ము క్యాన్సర్ వస్తే ఆపరేషన్ చేసి, కీమో ఇచ్చారు. రాలిన జుట్టు మళ్ళీ వచ్చింది, తనూ మళ్ళీ బడికి వెళ్ళింది. ఇక ఆ సంగతి అయిపోయిందనుకున్నాం. నెల్లాళ్ళుగా తలనొప్పి అంటుంటే కళ్ళజోడు మార్పించామే గాని ఇంకేమీ తోచలేదు.

మర్నాడే బావగారూ నేనూ రాజమండ్రి తీసుకెళ్ళాం. స్కానింగ్ అయ్యాక డాక్టరుగారు మా ఇద్దరినే లోపలికి పిలిచారు.

"రొమ్ములో వచ్చిన జబ్బే తలలోకి వెళ్ళిందండి. చాలాచోట్ల ఉంది."

"మళ్ళీ కీమో ఇస్తే పోదాండీ?" అన్నారు బావగారు.

"ఆ మందు మెదడులోకి సరిగ్గా చేరదండి. తలకి పది రోజులు రేడియేషన్, అదే కరెంటు, పెడదాం. వాపు తగ్గడానికి మాత్రలు రాస్తాను. వాటితో మనిషి బాగా తేరుకుంటారు. అది చూసి నయమైపోయిందనుకోకండి."

ఆ చివరి మాట నేను విన్నాను. బావగారు తలుపు సందులోంచి బయట కూర్చున్న అక్కనే చూస్తున్నారు.

కరెంటు పెట్టేటప్పుడు తల కదలకుండా ముఖానికి జాలీలాంటి తొడుగు వేసి బల్లకి బిగించేవారు. బయటికొచ్చేసరికి బుగ్గల మీద గళ్ళు గళ్ళుగా అచ్చులు పడేవి. "లోపల పడుకుని పిల్లల హాజరు పిలుచుకుంటున్నానే. సగం మంది అయ్యేసరికి విప్పేస్తున్నారు," అనేది.

ఇంటికొచ్చాక మాత్రలు పనిచేశాయి. తలనొప్పి పోయింది. పొద్దున్నే నాలుగిడ్లీలు తిని పదింటికల్లా పెసరట్టు అడిగేది. బీరువా అంతా సర్దింది. హెడ్మాస్టరుగారికి ఫోన్ చేసి, సోమవారం నుంచి వస్తానండి అని చెప్పింది. ఆ ఆదివారం సాయంత్రం చర్చి వాళ్ళని పిలిచి ఇంట్లో కృతజ్ఞతా కూడిక పెడదామన్నారు బావగారు.

"డాక్టరుగారు వాపుకనే చెప్పారు కదండీ. కొన్నాళ్ళు ఆగుదామండి," అన్నాను.

"కళ్ళెదురుగా చూస్తున్నావు కదమ్మా. ఇంకా దేనికి ఆగడం?"

అక్కకి చెబుదామని గదిలోకి వెళితే, ఆదివారానికి చీర ఇస్త్రీ చేసుకుంటోంది. తిరిగి వచ్చేశాను.

కూడికకి చర్చి వాళ్ళంతా వచ్చారు. అక్క లేచి నిలబడి, "దేవుడు నన్ను మళ్ళీ నా పిల్లల దగ్గరికి పంపిస్తున్నాడు," అని సాక్ష్యం చెప్పింది. అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను. టీ గ్లాసులు తెచ్చే వంకతో వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు అక్కడే నిలబడిపోయాను.

ఎనిమిది రోజులు బడికి వెళ్ళింది. ఈలోగా డాక్టరుగారు చెప్పినట్టు మాత్రలు కొద్దికొద్దిగా తగ్గిస్తూ వచ్చాం. తొమ్మిదో రోజు ఎడమకాలు ఈడ్చింది.

"ఆ మాత్రలు మళ్ళీ ఎక్కువ ఇమ్మని అడగవే. అప్పుడు బాగున్నానుగా," అంది.

డాక్టరుగారికి ఫోన్ చేస్తే, "పెంచి చూడండి. ఈసారి అంతగా పనిచెయ్యకపోవచ్చండి," అన్నారు. నాలుగు రోజులు పనిచేశాయి.

తర్వాత మంచం మీదే. ఒకరోజు నా చెయ్యి పట్టుకుని, "ఇది తగ్గదని నీకు ముందే తెలుసా?" అని అడిగింది. తెలియదన్నాను. మర్నాడు, అడిగిన సంగతే మరిచిపోయి, మళ్ళీ అదే అడిగింది. ఈసారి తెలుసన్నాను. ముఖం అటు తిప్పుకుని ఏడ్చింది. మూడోనాడు మళ్ళీ అడిగింది. ఆ తర్వాత ఒకరోజు తెలుసనీ, ఒకరోజు తెలియదనీ, ఆ రోజు తన ముఖం చూసి ఏది చెప్పగలిగితే అది చెప్పాను. ఏం చెప్పినా మర్నాటికి మిగిలేది కాదు. ఇంకొన్నాళ్ళకి ఆ ప్రశ్న కూడా ఆగిపోయింది, మాట పడిపోయింది.

శ్రావణంలో, ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం అక్క పోయింది. బావగారు పక్కనే కూర్చుని పాదాలు నిమురుతున్నారు. నేను దుప్పటి మార్చడానికి ఉతికింది తెస్తున్నాను. ఆ దుప్పటే అక్క మీద కప్పాం.