చిన్నల్లుడి గ్రంథాలయంలో ఒక స్తంభం

ఏ భవనంలో అడుగుపెట్టినా పెద్దల్లుడు ముందు స్తంభం దగ్గరికి వెళ్తాడు. జ్వరం వచ్చిన పిల్లవాడి నుదురు చూసినట్టు దాని మీద అరచెయ్యి ఆనిస్తాడు. ఆ తర్వాతే మనుషుల్ని పలకరిస్తాడు.

భవనాలు కూలిపోకుండా లెక్కలు కట్టడం ఆయన పని. నీళ్ల ట్యాంకులు, ఆసుపత్రులు, ఒక బస్టాండు. వాటిని వాడుకున్నవాళ్లే గాని, ఆగి చూసినవాళ్లు లేరు. తోడల్లుడైన చిన్నల్లుడిదీ అదే వృత్తి, అదే ఆఫీసు. అతను చేరి ఎన్నాళ్లో కాలేదు, ఊరి కొత్త గ్రంథాలయం అతని చేతికి వచ్చింది.

చదువుకునే హాలు పైన పొడవాటి బాల్కనీ. చిన్నల్లుడు దాన్ని పైకప్పు నుంచి ఉక్కు కడ్డీలతో వేలాడదీశాడు. కింద ఒక్క స్తంభం లేదు. ఆ నమూనా ఫొటో పేపర్లో పడింది. అత్తగారు కత్తిరించి ఫ్రిజ్ తలుపుకి అంటించింది. ఆ ఇంట్లో చల్లటి నీళ్లు తాగాలన్నా పెద్దల్లుడు దాని ముఖం చూడాల్సిందే.

ఒకరి లెక్క ఇంకొకరు సరిచూసి సంతకం పెడితేనే ఆ ఆఫీసు నుంచి డ్రాయింగు బయటికి వెళ్తుంది. గ్రంథాలయం పెద్దల్లుడి బల్ల మీదికి వచ్చింది.

తప్పు కోసం వెతికాడు. కళ్లలో నిప్పులు పోసుకుని వెతికాడు. ఒక కడ్డీ తెగితే? పక్కవి మోస్తాయి. జనం కిక్కిరిసి గెంతితే? తట్టుకుంటుంది. లెక్క శుభ్రంగా ఉంది. అదే మింగుడుపడలేదు.

చివరికి ఎర్ర పెన్సిలు తీసి బాల్కనీ నడిమధ్య కింద చిన్న చదరం గీశాడు. భద్రత కోసం ఇక్కడ స్తంభం పెట్టాలి అని రాశాడు. భద్రత అన్నాక ఎవరూ ఎదురు చెప్పరు. చిన్నల్లుడు మాత్రం చెబుతాడనుకున్నాడు. జవాబులు కూడా సిద్ధం చేసుకున్నాడు.

ఆ సాయంత్రం అత్తగారింట్లో భోజనాలు.

"బొమ్మ మారుతుంది అత్తయ్యా. మధ్యలో స్తంభం వస్తుంది," అన్నాడు చిన్నల్లుడు.

"లెక్క తప్పిందా ఏంటి?" అంది అత్తగారు.

"నాకైతే దొరకలేదు. మళ్లీ చూశాను. కానీ అన్నయ్య చెప్పాడంటే ఏదో ఉండే ఉంటుంది."

జేబులోంచి పెన్ను తీసి ఫ్రిజ్ మీది బొమ్మలో తనే నిలువుగా గీత గీశాడు.

"మా ఆయనకి స్తంభం ఉంటే చాలు," అంది పెద్దల్లుడి భార్య. "మొదటిసారి మనింటికొచ్చినప్పుడు నన్ను చూడకముందే వసారా స్తంభాన్ని పట్టుకు చూశారు."

"పాపం, అది ఎదురు మాట్లాడదుగా," అంది అత్తగారు.

అందరూ నవ్వారు. పెద్దల్లుడు కంచంలోంచి తలెత్తి ఆ గీత వైపు చూశాడు. గొడవ పడతాడనుకున్నవాడు నమ్మేశాడు. తనైతే అలా నమ్మేవాడు కాదు. ఆ నమ్మకం మీద కూడా కుళ్లు పుట్టింది.

మర్నాడు పొద్దున్నే ఆఫీసుకి వెళ్లి చిన్నల్లుడి బల్ల పక్కన నిలబడ్డాడు. అతను రాగానే చెప్పాడు.

"ఆ స్తంభం తీసెయ్."

"లెక్క మారిందా అన్నయ్యా?"

"లేదు. నిన్న కూడా ఇదే లెక్క."

చిన్నల్లుడు డ్రాయింగు ఆయన వైపు జరిపాడు. పెద్దల్లుడు ఎర్ర చదరాన్ని రబ్బరుతో చెరిపాడు. మరక పూర్తిగా పోలేదు. దాని మీదే అరచెయ్యి ఆనించి, కాగితం కదలకుండా పట్టుకుని, సంతకం పెట్టాడు.