కాటా ఎక్కేముందు తాగించిన బొండం

ఆ మలయాళం సినిమా మీద నాకు ఏ కోపమూ లేదు. బాగానే తీశారు. నా కోపమంతా దాన్ని చూస్తూ కళ్ళు తుడుచుకున్న మా ఆయన మీద.

మాది అవనిగడ్డ. మా ఆయన కోడూరు వైపు చెరువులు లీజుకి తీసుకుని రొయ్యలు పెంచుతారు. మాకు ఒక్కతే కూతురు. ఇంటర్ చదువుతోంది, కుస్తీ నేర్చుకుంటోంది. హైస్కూల్లో ఉండగా పీఈటీ మేడమ్ పట్టుబట్టి మొదలుపెట్టించారు, ఇప్పటికీ ఆవిడే నేర్పిస్తున్నారు. పిల్ల ఒంట్లో బలం ఉందమ్మా, వృథా చేయకండి అని ఆవిడ మా గుమ్మంలో నిలబడి చెప్పినప్పటి నుంచీ ఆయన ముఖం మాడిపోయే ఉంది. ఆడపిల్లకి ఆ బిగుతు బట్టలేంటి, ఆ పట్లలో నలిగి చెవులు వాచిపోతే రేపు ఎవడు చేసుకుంటాడు అని రోజూ గొడవే. గొడవంటే నాతో. పిల్ల ఎదురుగా మాత్రం బంగారం, తల్లీ అంటూ వెన్న కరిగినట్టు మాట్లాడతారు. కూతురి దగ్గర చెడ్డవాణ్ణి అనిపించుకోవడం ఆయనకి చచ్చినా ఇష్టం ఉండదు. ఆ చెడ్డ నాకు వదిలేస్తారు.

జిల్లా సెలక్షన్స్ ఇంకో పది రోజులున్నాయనగా ఆ సినిమా తెలుగు డబ్బింగు టీవీలో పెట్టుకుని ముగ్గురం చూశాం. కుస్తీ కోసం ఇంట్లోవాళ్ళందరికీ ఎదురు తిరిగిన అమ్మాయి కథ. అందులో తండ్రి ఆ పిల్లని గదిలో పెట్టి గడియ వేస్తే, వీడేం మనిషి, పిల్ల అంత కష్టపడుతుంటే అని మా ఆయన తిట్టారు. నేను టీవీ మానేసి ఆయన వంక చూస్తూ కూర్చున్నాను.

పోటీకి ముందు బరువు తగ్గడానికి ఆ అమ్మాయి పస్తులుండే సీను ఒకటి ఉంది. అక్కడ ఆయన రిమోటు తీసుకుని ఆపి మరీ అడిగారు, నిజంగానే కాస్త బరువెక్కువైతే ఆడనివ్వరా అని. నా కూతురు పొంగిపోయింది. తన ఆట గురించి నాన్న అడగడం అదే మొదటిసారి మరి. దగ్గరికి జరిగి కూర్చుని అంతా వివరంగా చెప్పింది. తనది యాభై కిలోల విభాగం. పొద్దున్నే కాటా ఎక్కిస్తారు. వంద గ్రాములు ఎక్కువున్నా పేరు కొట్టేస్తారు. మొదటి స్థానం వచ్చినవాళ్ళే రాష్ట్ర పోటీలకి వెళ్తారు. ఈసారి తనకి గట్టి పోటీ లేదని మేడమ్ చెప్పారట. ఆయన బుద్ధిగా తలూపుతూ విన్నారు. మనిషి మారాడు కాబోలని నేను మురిసిపోయాను. వెర్రిమాలోకాన్ని.

సెలక్షన్స్ బందరులో. ముందురోజు మధ్యాహ్నం నుంచీ పిల్ల పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. తెల్లారి బయల్దేరేముందు ఇంట్లో చూసుకుంటే యాభైకి వంద గ్రాములు తక్కువుంది. నేనూ వస్తానని ఆయన కొత్త చొక్కా వేసుకుని మా కంటే ముందే బస్టాండుకి నడిచారు.

మా ఇంట్లో ఒక అలవాటుంది. పిల్ల ఏ పరీక్షకి వెళ్ళినా గేటు దగ్గర తండ్రి తన చేత్తో ఏదో ఒక తీపి దాని నోట్లో పెడతారు. ఒకటో తరగతి నుంచీ అంతే. వద్దనడం అపశకునమని మా అత్తగారు దానికి చిన్నప్పుడే నూరిపోశారు. ఆ రోజు స్టేడియం గేటు దగ్గర జేబులోంచి బందరు లడ్డూ తీశారు. అది నా వంక చూసి నోరు తెరిచింది. అక్కడితో ఆగితే నేనీ మాటలు రాసేదాన్ని కాదు. పక్కనే బండి మీద పెద్ద బొండం కొట్టించి తెచ్చారు. పెదాలు చూడు ఎలా పగిలాయో, కళ్ళు తిరిగి పడిపోతావు తల్లీ, ఎలాగూ చెమటకి పోయేదే అన్నారు. వద్దు నాన్నా అని ఒకసారి అంది. అంత దాహం మీద ఉన్న పిల్ల రెండోసారి ఏం అంటుంది? గటగటా తాగేసింది.

నేను బ్యాగు పట్టుకుని పక్కనే నిలబడి ఉన్నాను. వేరే పిల్ల తల్లి ఒకావిడ, అదృష్టవంతులండీ, తండ్రి అంటే అలా ఉండాలి అంది. నేను నవ్వాను.

కాటా మీద మూడు వందల గ్రాములు ఎక్కువ చూపించింది. ఇంకో అరగంట టైముంది. చెమట పట్టి బరువు తగ్గాలని మేడమ్ తన రెయిన్‌కోటు దానికి తొడిగి గ్రౌండు చుట్టూ పరుగెత్తించారు. ఆ ఎండలో నా బిడ్డ పరుగెడుతూ, ఉమ్ముతూ, మళ్ళీ పరుగెడుతూ. రెండోసారి ఎక్కితే ఎనభై గ్రాములు ఎక్కువ. మూడోసారి ఎక్కేలోపు టైమైపోయింది. టేబుల్ దగ్గరాయన తలెత్తకుండా పేరు కొట్టేశాడు. పోనీలే తల్లీ, వచ్చే ఏడు చూద్దాం అంటూ మా ఆయన దాని వీపు నిమిరారు.

ఒళ్ళు మండిపోయింది నాకు. రొయ్యలు పట్టే రోజు ఈయన్ని చెరువు గట్టు మీద చూడాలి. కొనేవాళ్ళు రొయ్యల్లో నీళ్ళు కారిపోతే గానీ కాటా ఎక్కించనివ్వరు. ట్రే ఎంతసేపు వంచి పెట్టాలో, వంచకపోతే ఎన్ని గ్రాముల నీళ్ళు తూకంలోకి వస్తాయో ఈయనకి కంఠతా వచ్చు. దాని మీదే పూటంతా వాళ్ళతో కీచులాడతారు. నీళ్ళకి బరువుంటుందని తెలియని మనిషా? పిల్ల మనసు విప్పి చెప్పిందంతా విని, దాంతోనే దాని గొంతు కోశారు.

బస్టాండులో పక్కకి పిలిచి అడిగేశాను. ఆయన చొక్కా చేతులు సర్దుకుంటూ అన్నారు:

"నేనేం చేశానే? కొట్టానా, తిట్టానా, గదిలో పెట్టి గడియ వేశానా? దాహమేస్తుంటే నీళ్ళిచ్చాను."

తిరుగు బస్సులో ఆయన ముందు సీట్లో ఎవరితోనో చెరువుల కబుర్లు చెబుతున్నారు. వెనక సీట్లో నేను కూతురి చెవిలో నా కడుపుమంటంతా వెళ్ళగక్కాను. మీ నాన్న కావాలనే చేశాడు, ఆ మనిషిని ఈ జన్మలో నమ్మకు అన్నాను. చల్లపల్లి దాటేదాకా తిడుతూనే ఉన్నాను. అది కిటికీలోంచి చూస్తూ అంతా వింది.

"నాన్నకి ఇష్టం లేదని నాకు ఎప్పుడూ తెలుసమ్మా," అంది. "నువ్వు పక్కనే ఉన్నావుగా. నువ్వెందుకు ఊరుకున్నావు?"

ఆయన ఆ బొండంలో స్ట్రా వేసి అందించినప్పుడే నాకు విషయం అర్థమైంది. లాగి అవతల పారేద్దామని చెయ్యి లేచింది కూడా. నలుగురిలో మొగుడి పరువు తీసినట్టుంటుందని దించేసుకున్నాను. ఆ మాట దానికి చెప్పడానికి నాకింకా నోరు రాలేదు.